పోర్గీ-బెస్ గేయరూపకము : విదేశ ప్రదర్శన చరిత్రము

అమెరికా దేశమునఁ బుట్టిన గేయరూపకములలో "పోర్గీ అండ్ బెస్" అనుదాని చరిత్రము మిక్కిలి విచిత్రమైనది. ఇది 1935 వ సంవత్సరమున న్యూయార్కు నగరమునఁ బ్రదర్శింపఁబడి, 124 ప్రదర్శనములతోనే నిలిచిపోయి, పెట్టుబడి పెట్టినవారికి నష్టము కలిగించినది. పిమ్మట దానికి వచ్చిన కీర్తిలోఁ బెద్దభాగము సముద్రమున కావలి నగరములయందు లభించినదే. కోపెన్‌హేగెన్, వియన్నా, లండను, మిలాను, లెనిన్‌గ్రాడు, కేప్‌టౌను, బుడాపెస్టు - ఈ పురములయందు దాని నాడినవారు వేఱు, చూచినవారు వేఱు, చూచినవారు గ్రహించిన యర్థమును వేఱు. అయినను బెక్కుచోటుల నొక్క ప్రశ్నయే మఱల మఱల తలయెత్తినది. ఈ పాత్రలను ధరించుట కెవరి కధికారము గలదు? కావ్యకర్త యొక జాతివారిని నిర్దేశించి వ్రాసినపుడు, ఆ నిర్దేశము దేశాంతరమునఁ, గాలాంతరమున నెంతవఱకుఁ జెల్లును? ఈ రూపకముయొక్క విదేశయాత్ర యంతయు నీ ప్రశ్నకు నగర మొక్కటి చెప్పిన యుత్తరముల పరంపర యనవచ్చును.

కథ దక్షిణ కరొలైనా రాష్ట్రమందలి చార్ల్‌స్టన్ రేవుపట్టణమునకు సంబంధించినది. ఆ పట్టణవాసియు శ్వేతజాతీయుఁడు నగు డుబోస్ హేవర్డు 1925 లో "పోర్గీ" యను నవలను బ్రకటించెను. కాళ్లు చచ్చుపడి, మేఁక లాగెడి చిన్నబండిలోఁ గూర్చుండి బిచ్చమెత్తుకొను నల్లజాతివాఁ డొకఁడు దానికి నాయకుఁడు. హేవర్డును నతని భార్య డొరొతీయుఁ గలిసి 1927 లో దానిని వచననాటకముగా మార్చిరి. ఆ నాటకమును నడపిన రూబెన్ మమూలియనే యెనిమిదేండ్ల పిమ్మట గేయరూపకమునకును దర్శకుఁ డయ్యెను. సంగీతకర్త జార్జి గెర్ష్విను రష్యానుండి వలసవచ్చిన యూదుల కుమారుఁడు. గేయములను హేవర్డును, జార్జి యన్నయగు ఐరా గెర్ష్వినును రచించిరి. 1934 వేసవిలో జార్జి చార్ల్‌స్టన్ దాపునఁ గల ఫాలీ ద్వీపమునఁ గొన్ని వారములు నివసించి, గల్లా యనఁబడు నల్లజాతివారి ప్రార్థనాగోష్ఠులకుఁ బోయి, వారి పాటలను, పాదతాళమును వినివచ్చెను.

కాట్‌ఫిష్ రో యను పేదవాడలో నొకనాఁటి జూదపుఁ దగవున క్రౌను అను బలశాలి యొకనిఁ జంపి పాఱిపోవును. అతని ప్రియురాలగు బెస్సునకు వాడలో నెవ్వరును దలుపు తీయరు, పోర్గీ తీయును. కొంతకాలమునకు క్రౌను తిరిగివచ్చి పోర్గీచేతఁ జచ్చును. శవమును గుర్తించుటకై పోలీసువారు పోర్గీని గొనిపోఁగా, మత్తుమందు లమ్ము స్పోర్టింగ్ లైఫ్ అనువాఁడు బెస్సును మభ్యపెట్టి న్యూయార్కునకుఁ దీసికొనిపోవును. తిరిగివచ్చిన పోర్గీ, ఆ నగర మెంతదూరమో యెఱుఁగక, మేఁకబండి నెక్కి యా దిక్కునకు బయలుదేఱుటతోఁ దెఱ వ్రాలును.

దీనిని "జానపద ఆపెరా" యని గెర్ష్విను పేర్కొనెను. మాటకును బదులు పాటయే యుండునది ఆపెరా. మాటల నడుమఁ బాట వచ్చునది మ్యూజికల్. పద్యనాటకములకు నలవాటుపడిన తెలుఁగు ప్రేక్షకుల కీ భేదము స్వల్పముగాఁ దోఁచును గాని పాశ్చాత్యుల కిది కులభేదమంత ముఖ్యమైనది. 1935 లో నిది ఆపెరాశాలలోఁ గాక సామాన్య వినోదములకు నెలవైన ఆల్విన్ నాటకశాలలోఁ బ్రదర్శింపఁబడుటచే నాపెరా విమర్శకులకును నాటక విమర్శకులకును గూడఁ బరాయిదయ్యెను. 1942 లో షెరిల్ క్రాఫర్డు అను నిర్మాత్రి పాటగా నున్న సంభాషణములను బెక్కింటిని మామూలు మాటలుగా మార్పించి, వాద్యబృందమును దగ్గించి, మఱల న్యూయార్కున నాడింపఁగా 286 ప్రదర్శనములు జరిగినవి. ఇట్లొకే గ్రంథము కొన్నియెడల నాపెరాగను, గొన్నియెడల మ్యూజికల్‌గను సంచరించినది. అయితే జాతిని గూర్చిన ప్రశ్న యీ రెండు రూపములయందును సమానమే.

గ్రంథమున నొక సూక్ష్మవిశేషము గలదు. ఇందలి శ్వేతజాతి పాత్రలు - పోలీసువారు, విచారణాధికారి మొదలగువారు - పాడరు, మాటలాడుదురు. గానమంతయు నల్లజాతివారిదే. అధికారమునకు స్వరము లేదు, దారిద్ర్యమునకుఁ గలదు. ఈ కల్పనలోని యౌచిత్యము నెఱిఁగినవారికి గెర్ష్విను తన నాయికానాయకులను నల్లజాతివారిలోనే వెదకుట యేల యని సందేహము గలుగదు. నాఁటి మెట్రోపాలిటన్ ఆపెరాశాలలో నల్లజాతి గాయకు లొక్కరును లేరు. అందుఁ బ్రధానపాత్రను బాడిన మొదటి నల్లజాతి గాయని మేరియన్ యాండర్సన్ కా యవకాశము 1955 జనవరిలోఁగాని లభింపలేదు. మొగమునకు మసి పూసికొని పాడుటలోఁ బ్రసిద్ధుఁడైన ఆల్ జోల్సన్ పోర్గీ వేషమును గోరెను. అది జరిగియుండినచో టిక్కెట్టులు విరివిగా నమ్ముడుపోయి యుండును; గ్రంథము మాత్రము చచ్చియుండును. గెర్ష్విను హోవర్డు విశ్వవిద్యాలయమున సంగీతాధ్యాపకుఁడగు టాడ్ డంకనును బోర్గీగను, జూలియార్డు పాఠశాల విద్యార్థినియగు యాన్ బ్రౌనును బెస్సుగను నెన్నుకొనెను. ఆపె పాడుచుండఁగా బెస్సు పాత్ర పెరిగి, తుదకు రూపకము పేరులోనికిఁ గూడ నెక్కినది.

ఆ యెన్నిక ఫలితము 1936 మార్చిలో వాషింగ్టనున వెల్లడియైనది. అచటి నేషనల్ థియేటరులో నల్లజాతి ప్రేక్షకులకుఁ బ్రవేశము లేదు. తమ జాతివారు చూడఁగూడని నాటకశాలలోఁ దాము పాడమని డంకనును, యాన్ బ్రౌనును మంకుపట్టిరి. యాజమాన్యము దిగివచ్చి, యీ రూపకము జరిగిన దినములలో నందఱకును సమానముగా నాసనము లిచ్చినది. అవి ముగియఁగానే పాఁత యాచారము మఱల వచ్చినదనుట వేఱుగాఁ జెప్పనక్కఱలేదు. మఱుసటి సంవత్సరము జూలై 11 వ తేదీని గెర్ష్విను ముప్పదియెనిమిదవ యేఁటనే మరణించెను. ఆతని రూపకము ఐరోపాఖండమునఁ గాలుమోపినది 1943 లో, జర్మనీ సైన్యముల యాక్రమణలో నున్న డెన్మార్కు రాజధానియందు.

ఇది యెట్లు సంభవించెనో కొంచెము విచారింపవలెను. జర్మనీలో యూదుల సంగీతము నిషిద్ధము. నల్లజాతివారి సంగీతము నీచమని ప్రభుత్వమువారి ప్రచారము. యూదుఁడు నల్లజాతివారిని గూర్చి వ్రాసిన ఆపెరా, అదియు జర్మనీతో యుద్ధము చేయుచున్న యమెరికాదేశపుది, వారి యధీనములోని రాజధానిలో నాడుట యసంభవమని తోఁచును. కాని 1940 ఏప్రిల్ 9 వ తేదీని డెన్మార్కు నాక్రమించిన జర్మనులు, ఇతరదేశములందువలెఁ గాక, యచటి రాజును, మంత్రివర్గమును, శాసనసభను గొంతకాలము యథాస్థానమున నుండనిచ్చిరి. ఆ వెసులుబాటులోనే 1943 మార్చి 23 వ తేదీని దేశమంతటను సార్వత్రిక యెన్నికలు జరిగెను. వోటర్లలో నూటికి 89 మందికిఁ బైగాఁ బాల్గొనిరి. డేనిష్ నాజీ పక్షమునకు నూటికి రెండు వోట్లు మాత్రము వచ్చినవి. పిమ్మట నాలుగవ దినమున, మార్చి 27 వ తేదీని, కోపెన్‌హేగెనులోని రాజనాటకశాలలో "పోర్గీ అండ్ బెస్" తెఱ లేచినది. ఆ ప్రేక్షకులు నాలుగు దినములక్రింద వోటు వేసివచ్చినవారని జ్ఞప్తియందుంచుకొన్నచో, వారి చప్పట్లలోఁ గొంతభాగము సంగీతమునకుఁ జెందినది కాదని గ్రహింపవచ్చును.

బెస్సు పాత్రను ఎల్సె బ్రెమ్స్, పోర్గీ పాత్రను ఐనార్ నోర్బీ ధరించిరి. వీరిరువురు నా నాటకశాలలోఁ బేరు గన్న గాయకులు, ఇరువురును శ్వేతజాతీయులే. భాష డేనిష్ భాష. పాత్రధారులందఱును మొగములకు నల్లరంగు పూసికొనిరి. ఆసనములన్నియు నిండినవి. 22 ప్రదర్శనములైన పిమ్మట జర్మను రహస్యపోలీసుల బెదిరింపులచే దానిని నిలిపివేయవలసి వచ్చెను. ఆ యాగస్టు 29 వ తేదీని డేనిష్ ప్రభుత్వము గూలిపోయి సైనికశాసనము వచ్చెను. అక్టోబరులో డెన్మార్కుయూదులు సుమారు 7,000 మంది, పట్టుకొనిపోఁబడుటకు ముందే, పడవలలో స్వీడను చేర్పఁబడిరి. యూదసంగీతకర్త గ్రంథము రాజధానిలో మార్చినెలలో నాడుటయు, యూదజనము నక్టోబరులో దాఁటించుటయు నొకే కార్యమని చెప్పుట యతిశయోక్తి. అయినను నీ రెండింటి వెనుకను నున్న లోకాభిప్రాయ మొక్కటియే.

ఈ ప్రదర్శనమును గూర్చి మఱియొక కథ వ్యాప్తియందున్నది. జర్మనులు తమ విజయవార్తలను రేడియోలోఁ జాటినపు డెల్ల, డేనిష్ ప్రతిఘటనదళమువారు స్పోర్టింగ్ లైఫ్ పాటయగు "ఇట్ ఎయింట్ నెసెసరిలీ సో" అనుదానిని నడుమఁ జొప్పించెడివారఁట. ఆ పేరునకు "అట్లే కానక్కఱలేదు" అని యర్థము. బైబిలు కథలను శంకించు నా వంచకుని పాట, శత్రువు ప్రకటనలను శంకించు సాధనమైనదనుట రమ్యముగా నున్నది. రమ్యమైన కథ లెల్ల నోటిమాటచేఁ బెరుగుచుండును గనుక దీనిని జరిగిన సంగతులతోఁ గాక, జనులు దానియందుఁ జూచుకొనిన యర్థములతోఁ జేర్చుటయే యుచితము.

ఇచట లాక్షణికుల కొక చిక్కు గలదు. భరతముని యభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెఱఁగులుగా విభజించెను. మొగమున వర్ణము పూసికొనుట యాహార్యము. అది వేషములో భాగము. కూచిపూడి భాగవతులలోఁ బురుషుఁడు సత్యభామ యగుట యెట్టిదో, కోపెన్‌హేగెనులో శ్వేతగాయకుఁడు పోర్గీ యగుట యట్టిదే యని లక్షణశాస్త్ర మొప్పుకొనును. కాని యమెరికాదేశమున నల్లరంగు పూఁత శుద్ధమైన యాహార్యముగా నెన్నఁడు నుండలేదు. 1830 ప్రాంతమునుండి శ్వేతజాతి నటులు కాల్చిన బెరడుమసిని మొగములకుఁ బూసికొని నల్లజాతివారిని వెక్కిరించు గేళీప్రదర్శనముల నాడి ధనము గడించిరి; ఆ వెక్కిరింతకు గుఱియైనవారికి రంగస్థలముపై నిలుచుటకుఁ జోటు మాత్రము దొరకలేదు. జోల్సనునందు గెర్ష్విను కాదన్నది యా మసినే. డేనులకు నీ చరిత్రము సన్నిహితము గాదు. వారా మసిని వెక్కిరింపునకుఁ గాక తెగువకుఁ బూసికొనిరి. ఒకే మసి యొకచోట నవమానము, వేఱొకచోట ధిక్కారము. కావున నీ విషయమును శాస్త్రమాత్రముచే నిర్ణయింప వీలులేదు. దేశమును గాలమును గూడ నడుగవలసియున్నది.

యుద్ధాంతమున 1945 లో స్విట్జర్లండునందలి జ్యూరిచ్ నగరముననుఁ, బిమ్మట స్వీడనునందును శ్వేతగాయకులే యీ రూపకము నాడిరి. మొదటి బెస్సగు యాన్ బ్రౌను తన దేశమందలి వర్ణవివక్షకు విసిగి 1948 లో నార్వేదేశమున స్థిరపడి, 2009 లో ఓస్లో నగరముననే మరణించెను. ఐరోపావారు తమ రంగస్థలమున నల్లరంగు పూసికొని యాపె పాత్రను ధరించుచుండఁగా, ఆపె తానే ఐరోపాను శరణు సొచ్చుట యీ చరిత్రలోని విపర్యాసములలో నొకటి.

నల్లజాతి గాయకబృందముతో ఐరోపా కీ రూపకమును గొనివచ్చినవారు రాబర్టు బ్రీన్, బ్లెవిన్స్ డేవిస్ అను నిర్మాతలు. 1952 జూనులో టెక్సాసు రాష్ట్రమునందలి డాలసులో నారంభించి, సెప్టెంబరులో వియన్నాకును బెర్లినునకును, అక్టోబరులో లండనులోని స్టోల్ నాటకశాలకును వచ్చిరి. పోర్గీ విలియమ్ వార్‌ఫీల్డు. బెస్సు లియొంటీన్ ప్రైస్. వీరిరువురు ప్రయాణమునకు ముందే వివాహమాడిరి. స్పోర్టింగ్ లైఫ్ వేషము జాజ్ గాయకులలో సుప్రసిద్ధుఁడగు క్యాబ్ క్యాలొవేది. లండనులో మఱుసటి ఫిబ్రవరివఱకు నడచెను. పిమ్మట బృందము 1954 సెప్టెంబరులో వెనిసున మఱల బయలుదేఱి యుగొస్లావియా, ఈజిప్టు, గ్రీసు, ఇజ్రాయేలు దేశములు తిరిగి, 1955 ఫిబ్రవరిలో మిలానులోని లా స్కాలా రంగమెక్కినది. ఆ యాపెరాశాల ఇటలీవారికి దేవాలయమువంటిది. తరువాతికాలమున రచయిత్రిగాఁ బ్రసిద్ధినందిన మాయా యాంజిలో యీ యాత్రలో నర్తకిగా నుండి, దాని కథను 1976 నాఁటి స్వీయచరిత్రభాగమున వివరించెను.

ఈ యాత్రకు మొదట ధనసహాయము చేసినది యమెరికా విదేశాంగశాఖ. ఆ దేశమున నల్లజాతివా రణఁచివేయఁబడుచున్నారని సోవియట్ పక్షమువారు ప్రచారము సేయుచుండఁగా, చక్కని సంగీతశిక్షణగల నల్లజాతి గాయకులను జూపి దానికిఁ బ్రత్యుత్తర మియ్యవలెనని వారి యుద్దేశము. ప్రత్యుత్తరములోనే యొక వైరుధ్యము గలదు. గాయకులు విద్యావంతులు, వారు ధరించు పాత్రలు బిచ్చగాండ్రు, జూదగాండ్రు, మత్తుమం దమ్మువారు. అమెరికాలోని నల్లజాతి పత్రికలలోఁ బలువు రీ యెన్నికను దీవ్రముగా నాక్షేపించిరి. తమ జాతిలో వైద్యులు, ఉపాధ్యాయులు, న్యాయవాదు లుండఁగా, లోకమునకుఁ జూపుటకుఁ గాట్‌ఫిష్ రో తప్ప వేఱొకటి లేదా యని వారి ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. కాని యా రూపకమే లేనిచో నాఁడు నల్లజాతి యాపెరాగాయకులకు నంతటి సంఖ్యలో నిలుకడయైన జీతములు దొరకు తావు వేఱొకటి యుండెనా యని గాయకుల వైపునుండి యడుగవచ్చును. అదియు న్యాయమైన ప్రశ్నయే. పైగా, తమ దేశమున ననేక నగరములలో బస దొరకని వీరికి ఐరోపా రాజధానులలోని గొప్ప హోటళ్లలో బస దొరకినది.

లెనిన్‌గ్రాడు ప్రయాణ మీ యాత్రకు శిఖరము. సోవియట్ దేశమునకుఁ బోవుటకు ధనమీయ విదేశాంగశాఖ నిరాకరించెను. అంతట సోవియట్ సంస్కృతిమంత్రిత్వశాఖయే వ్యయము భరించుట కొడంబడినది. తొంబదిమందికి మించిన బృందము బెర్లినునుండి రైలెక్కి మంచుదేశము సాగిపోయెను. ఐరా గెర్ష్విను భార్యయు, ట్రూమన్ కపోటి యను యువరచయితయు వెంటనుండిరి. కపోటి యీ ప్రయాణమును గూర్చి "ది మ్యూజెస్ ఆర్ హెర్డ్" అను గ్రంథమును 1956 లోఁ బ్రకటించెను. వ్యంగ్యమునందు నేర్పరి గనుక నాతని వర్ణనములను సాక్ష్యముగాఁ గైకొనునపుడుఁ గొంత తీసివేఁత యవసరము. అయినను ప్రథమప్రదర్శనమును గూర్చి దీనికంటె విపులమైన వృత్తాంతము లేదు.

1955 డిసెంబరు 26 వ తేదీ రాత్రి తెఱ లేచెను. కథాసారమును దెలుపు ముద్రితపత్రములు వేళకు సిద్ధము కాకపోవుటచేఁ బ్రేక్షకులు మొదట తికమకపడిరని కపోటి వ్రాయుచున్నాఁడు. ఆంగ్లమందు, అందును గల్లా యాసలో సాగు పాటలు రష్యనులకుఁ దెలియుట యెట్లు? బెస్సు-క్రౌనుల శృంగారఘట్టము వారికి లజ్జాకరమైనది. పేదలు ప్రార్థనాగీతములు పాడుట దేవుఁడు లేఁడని బోధించు రాజ్యములో వింతగాఁ దోఁచినది. ఆతిథేయు లీ కథయందు ధనికరాజ్యమున నల్లవారు పడు నిడుమలను జూపవచ్చుననుకొనిరి. అతిథులలోఁ గొందఱు, తన లోపములను దానే రంగమెక్కించుకొనఁగల దేశమే స్వతంత్రదేశమని చూపవచ్చుననుకొనిరి. ఒక్క సన్నివేశమే యిరుపక్షములకును సాక్ష్యమైనది. ఇంతలో నా డిసెంబరు 5 వ తేదీననే యలబామా రాష్ట్రమందలి మాంట్‌గమరీలో నల్లజాతివారు నగరపు బస్సులను బహిష్కరించుట యారంభించిరి. రంగస్థలముపై మేఁకబండి న్యూయార్కు వైపు సాగుచుండఁగా, స్వదేశమున నా జాతివారు బస్సుల నెక్కక కాలినడకనే పనులకుఁ బోవుచుండిరి. బృందము 1956 జనవరిలో మాస్కో చేరెను.

పదియేండ్ల పిమ్మట నీ చరిత్ర దక్షిణసముద్రములకుఁ దిరిగినది. 1965 లో న్యూజిలండు ఆపెరా సంఘమువారు మావోరీ గాయకులతో దీనిని బ్రదర్శించిరి. పోర్గీ ఇనియా టె వియాటా. లండను కోవెంట్ గార్డెనులోఁ బాడిన మంద్రస్వరగాయకుఁడు, కొయ్యచెక్కడమునందుఁ గూడఁ బ్రవీణుఁడు. లండనులోని న్యూజిలండు భవనమున నిలిచియున్న పెద్ద చెక్కడపు స్తంభ మాతని చేతిపనియే. ఈ ప్రదర్శనములో మసి పూఁత ప్రసక్తి లేదు. అమెరికా నల్లజాతి ప్రసక్తియుఁ బ్రధానము గాదు. వేఱొక ఖండపు నల్లనిజనులు, శ్వేతజాతి వలసరాజ్యమున నల్పసంఖ్యాకులై, క్రైస్తవగీతములను దమ కంఠములకు ననువుగా మలచుకొనినవారు, కాట్‌ఫిష్ రోలోఁ దమ వాడను జూచుకొనిరి. అయిదేండ్లక్రింద, 1960 లో, దక్షిణాఫ్రికాకుఁ బోయిన న్యూజిలండు రగ్బీ జట్టులో మావోరీలను జేర్చుకొనకపోవుటను గూర్చి దేశమంతట నలజడి చెలరేఁగియుండెను. ఇది యెఱిఁగినవారికి 1965 నాఁటి ప్రదర్శనము కేవల సంగీతవినోదముగాఁ దోఁపదు. గెర్ష్విను నిర్దేశించిన జాతినుండి యది తొలఁగినను, నిర్దేశములోని భావమునకు నన్నిటికంటె దగ్గఱగా వచ్చినదనుట సాహసము కాదు.

ఇఁక గ్రంథపాఠము విషయము. 1976 లో హ్యూస్టన్ ఆపెరావారు కోఁతలను బూరించి, మాటలుగా మారిన భాగములను మఱల పాటలుగా నాడిరి. అప్పటినుండి యాపెరాశాలలు దీనిని దమదిగా నంగీకరింపసాగినవి. ఇంగ్లండునందలి గ్లైండ్‌బోర్న్ ఉత్సవమున 1986 లో ట్రెవర్ నన్ దర్శకత్వమున, సైమన్ రాటిల్ వాద్యనిర్వహణమున, జమైకాదేశమునఁ బుట్టిన విలర్డ్ వైట్ పోర్గీగాఁ జరిగిన ప్రదర్శన మీ సంపూర్ణపాఠమునకు ఐరోపాలో స్థిరమైన గౌరవమును దెచ్చినది. పూర్వము నల్లజాతి గాయకులు లేని మెట్రోపాలిటన్ శాల 1985 లోనే దీని నాడినది.

గెర్ష్విను వారసులు రంగప్రదర్శనములకు నల్లజాతి గాయకులనే నియమింపవలెనను షరతును, ముఖ్యముగా నాంగ్లభాషాదేశములలో, గట్టిగాఁ గాపాడుచు వచ్చిరి. జోల్సనువంటివారినుండి గ్రంథమును రక్షించినదీ షరతే. వందలకొలఁది గాయకులకు వృత్తి కల్పించినదియు నిదే. అయితే దాని రెండవముఖమును గూడఁ జూడవలెను. వెర్డీ, మొజార్టుల పాత్రలకుఁ దగిన కంఠములు గలవారు గూడఁ బోర్గీ బృందములలోనే యేండ్లు గడపవలసివచ్చెను. తెఱచిన ద్వారము నానుకొని గోడయు లేచినది. లియొంటీన్ ప్రైస్ మెట్రోపాలిటన్ శాలలోఁ గాలుమోపి ప్రఖ్యాతినందినది 1961 లో, వెర్డీ నాయికగా, బెస్సుగాఁ గాదు.

షరతునకుఁ గొత్త యర్థమిచ్చినది కేప్‌టౌను. ఆ నగరమున 1971 లోఁ గట్టఁబడిన నికో మలాన్ ఆపెరాశాల మొదట శ్వేతజాతివారికి మాత్రమే ప్రత్యేకింపఁబడెను; 1975 లో నితరులకుఁ దలుపులు తీసిరి. వర్ణవివక్షా ప్రభుత్వ మంతరించిన పిమ్మట నా శాల పేరు ఆర్ట్‌స్కేప్ అయ్యెను. అచటినుండి పనిచేయు కేప్‌టౌన్ ఆపెరాలో నల్లజాతి గాయకులు ప్రధానబలమైరి. వారు కాట్‌ఫిష్ రోను 1970 నాఁటి దశకమందలి సొవెటోగా మార్చి 2009 లో బ్రిటనునఁ బ్రదర్శించిరి. అప్పుడు పాడక మాటలాడు తెల్లపోలీసులు దక్షిణాఫ్రికా పోలీసులైరి. గ్రంథములో నొక్క స్వరమును మార్పనక్కఱలేకపోయెను. మఱుసటి సంవత్సరము వారు టెల్ అవీవ్ పోవ నిశ్చయింపఁగా, ఆ ప్రయాణమును మానుకొనుఁడని మతాచార్యుఁడు డెస్మండ్ టూటూ బహిరంగముగాఁ గోరెను. వారు పోయిరి. వాషింగ్టనులో డంకను వేసిన ప్రశ్న - ఎవరి యెదుటఁ బాడవచ్చును, ఎవరి యెదుటఁ బాడరాదు అనునది - డెబ్బదినాలుగేండ్ల పిమ్మట నీ రూపకమును మఱల వెన్నాడినది.

బుడాపెస్టు వృత్తాంతముతో నీ చరిత్ర మొదటి ప్రశ్నకే తిరిగివచ్చును. హంగేరీ జాతీయ ఆపెరావారు 1970 లో దీనిని దమ గాయకులతోనే యాడిరి. 2018 జనవరిలో మఱల శ్వేతగాయకులతోనే నాడుచు, కాట్‌ఫిష్ రోకు బదులు విమానాశ్రయమునఁ దలదాఁచుకొనిన శరణార్థుల గుంపును గల్పించిరి. 2015 లో శరణార్థుల నాపుటకై సరిహద్దున కంచె కట్టిన దేశమున నీ కల్పనలో నొక తెగువ లేకపోలేదు. ఈసారి మొగములకు మసి లేదు. కాని గెర్ష్విను హక్కుదారు లొప్పుకొనలేదు. ఈ ప్రదర్శనవిధానము తమ యనుమతికి విరుద్ధమను వాక్యమును బ్రదర్శనపత్రమున ముద్రింపవలెనని పట్టుపట్టిరి. 2019 వసంతమున రూపకము మఱల రంగమెక్కినపుడు, అమెరికా నల్లజాతి మూలములు తమ స్వభావములో విడదీయరాని భాగమని గాయకులు సంతకము చేయవలెనని శాలాధికారులు కోరిరని యచటి పత్రికలు ప్రకటించినవి. మనుష్యుని జాతిని జట్టప్రకారము నమోదు చేయుటకు వీలులేదు గనుక, తానేమని చెప్పుకొన్న నదియే జాతియని వారి వాదము.

కొంద ఱా కాగితములపై సంతకము చేసిరి, కొందఱు చేయలేదు. కోపెన్‌హేగెనులోఁ బూసికొనిన రంగు ప్రతిరాత్రియుఁ గడిగివేయఁబడినది. బుడాపెస్టులోని సంతకములు దస్తావేజులయం దుండిపోయినవి.